ఎవరికీ చెప్పకు

బుధవారం పదకొండు దాటింది. సోమరాజుపేట ఆరోగ్య కేంద్రం వరండాలో సత్యవాణి వ్యాక్సిన్ పెట్టె మూత తీసి, ఐస్ ప్యాకుల మధ్యనున్న మీజిల్స్ సీసాని వేళ్ళతో తాకి చూసి, మళ్ళీ మూసింది. అలా చూడ్డం మూడోసారి. తొమ్మిదిన్నరకి విప్పిన సీసా అది. విప్పాక నాలుగు గంటలే దాని ఆయుష్షు. ఆ తర్వాత ఎంత మిగిలినా పారెయ్యాల్సిందే. చీటీలో ముప్పై ఇద్దరు పిల్లల పేర్లున్నాయి. ముగ్గురి పక్కనే టిక్కు పడింది.

"ఏమైపోయారు వీళ్ళంతా? నిన్న గుమ్మం గుమ్మానికీ తిరిగి మరీ చెప్పొచ్చాను కదా!" అంది.

ఆయా సువార్తమ్మ తుడిచిన మెట్లే మళ్ళీ తుడుస్తోంది. "వస్తారండి. పెళ్ళిళ్ళ రోజులు కదండి."

"ఊరందరికీ ఒక్కరోజేనా పెళ్ళి?"

సువార్తమ్మ చీపురు మీంచి తల ఎత్తలేదు. ఈవిడకేదో తెలుసు, చెప్పట్లేదు అనుకుంది సత్యవాణి. ఇరవై రెండేళ్ళుగా ఏఎన్ఎం ఉద్యోగం చేస్తున్న మనిషికి ఎదుటివాళ్ళు ఎప్పుడు నోరు నొక్కుకుంటున్నారో కనిపెట్టడం పెద్ద పనేం కాదు.

ఇంతలో టైలరు భార్య చిన్నమ్మాయి వచ్చింది. తొమ్మిది నెలల పిల్లని చంకనేసుకుని, పైటచెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని మెట్ల కిందే ఆగిపోయింది.

"ఇక్కడే పొడిచెయ్యండి సిస్టరు గారూ. నేను పైకి రానండి."

"మెట్ల మీద ఇంజక్షనేంటమ్మా? వచ్చి బల్ల మీద కూర్చో."

"ఆ బల్ల మీదే కూర్చుందటగదండీ, ఆ స్వెటర్ల పిల్ల."

సత్యవాణికి ఒళ్ళు మండింది. సోమవారం నాడు ఆ పిల్ల జ్వరంతో, దగ్గుతో వచ్చిన మాట నిజమే. పేరు పేమా. కాలేజీ గోడవార స్వెటర్లు అమ్మే టిబెటన్ల అమ్మాయి. ఆగస్టు నుంచీ దేశమంతా స్వైన్ ఫ్లూ, స్వైన్ ఫ్లూ అని హడలిపోతోంది కాబట్టి, డాక్టరు జానకిరామ్ గారు ఎందుకైనా మంచిదని ఆ పిల్లని ఆటోలో కాకినాడ పంపించారు. అక్కడ గొంతులోంచి నమూనా తీసి హైదరాబాదు పంపి, రిపోర్టు వచ్చేదాకా ఒక గదిలో విడిగా ఉండమని చెప్పి తిప్పి పంపేశారు. జరిగిందంతా ఇంతే.

"నీకెవరు చెప్పారు?"

చిన్నమ్మాయి జాకెట్లోంచి సెల్లు తీసి నొక్కి చూపించింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. 'సోమరాజుపేటలో స్వెటర్లు అమ్మే చైనా వాళ్ళకి స్వైన్ ఫ్లూ. ఒకమ్మాయి చావుబతుకుల్లో ఉంది. ఆసుపత్రి వాళ్ళు దాస్తున్నారు. వాళ్ళ దగ్గర ఏదీ కొనకండి, ముట్టుకోకండి. మీ పిల్లల్ని కాపాడుకోవాలంటే పది మందికి పంపండి.'

"దాస్తున్నామా? ఎక్కడ దాచాం, ఈ పెట్టెలోనా?" అని అరిచింది సత్యవాణి. పిల్ల ఉలిక్కిపడి ఏడుపందుకుంది. ఆ ఏడుపులోనే మెట్ల మీద కూర్చుని, లేత చేతిని రెండువేళ్ళ మధ్య పట్టుకుని, సూది దించింది. అరగంట ఇక్కడ కూర్చోబెట్టి చూడాలమ్మా అంటే చిన్నమ్మాయి వినిపించుకోకుండా వెళ్ళిపోయింది.

ఒంటిగంటన్నరకి సీసాలో మిగిలిన మందుని ఎర్ర బకెట్లోకి వంపుతుంటే డాక్టరు గారు వచ్చి నించున్నారు. కుర్ర డాక్టరు, నెమ్మదస్తుడు. పొద్దుట్నుంచీ ఆయన ఫోను మోగుతూనే ఉంది.

"ఇది మన దగ్గర్నుంచే పొక్కిందంటారా, సిస్టర్?"

"ప్రశ్నే లేదండి. నేనూ, మీరూ, సువార్తమ్మ. ముగ్గురమే కదా ఉన్నాం ఆ రోజు" అంది సత్యవాణి. సువార్తమ్మ వైపు ఒక చూపు కూడా చూసింది.

*

మధ్యాహ్నం ఎండలో సత్యవాణి కాలేజీ గోడ దగ్గరికి నడిచి వెళ్ళింది. వెదురు బొంగులకి నీలం పట్టా కట్టిన కొట్లు మూడు. మూడింట్లో రెండు మూసేసి ఉన్నాయి. మూడో దాంట్లో యాంగ్‌చెన్ కూర్చుని, ఎవరూ విప్పి చూడని స్వెటర్లనే విప్పి మళ్ళీ మడత పెడుతోంది. ముందు చేతులు రెండూ లోపలికి మడిచి, నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి, అరచేత్తో సాపు చేసి దొంతర మీద పెట్టడం. తొమ్మిదేళ్ళుగా ప్రతి చలికాలం వస్తుంది కాబట్టి తెలుగు బాగానే పట్టుబడింది. పేమా ఆవిడ ఆడపడుచు.

"పిల్లకెలా ఉంది?"

"జ్వరం దిగట్లేదండి. అన్నం వద్దంటోంది." దొంతర మీంచి చెయ్యి తియ్యకుండా అంది. "పొద్దున్న ఇద్దరు మోటార్ సైకిల్ మీద వచ్చి ఫొటో తీసుకున్నారండి. చైనా, చైనా అని నవ్వారు. నేను పుట్టింది ఒరిస్సాలో. మా అమ్మ కూడా ఒరిస్సాలోనే పెరిగింది. ఓటు కార్డు చూపిస్తానన్నాను. కార్డు తీసేలోపే వెళ్ళిపోయారు."

"వాళ్ళ మొహం. రేపో ఎల్లుండో రిపోర్టు వస్తుంది, నోళ్ళు మూసుకుంటారు."

యాంగ్‌చెన్ ఇంకో స్వెటరు విప్పింది. రిపోర్టు మీద ఆవిడకి అంత నమ్మకం ఉన్నట్టు లేదు.

ఆ ఫొటో సాయంత్రానికి ఇంట్లో కంప్యూటర్ మీద కనబడింది. ఇంజనీరింగ్ చదివే కూతురు వర్షిణి కాలేజీ బస్సు దిగి వస్తూనే, "అమ్మా, ఆర్కుట్‌లో మన ఊరి కమ్యూనిటీ చూశావా?" అని సిస్టం ఆన్ చేసింది. కమ్యూనిటీలో ఉన్న రెండొందల మందిలో ఎక్కువమంది హైదరాబాదులోనూ బెంగుళూరులోనూ ఉద్యోగాలు చేసుకుంటున్న ఊరి కుర్రాళ్ళే. యాంగ్‌చెన్ ఓటు కార్డు కోసం సంచీలోకి వంగిన క్షణంలో తీశారు ఆ ఫొటో. కింద పేజీల కొద్దీ మాటలు. పాములు తినేవాళ్ళట. గూఢచారులట. ఊరి పొలిమేరలో చెక్‌పోస్టు పెట్టాలట. అందులో ఒకతను సత్యవాణి చేత్తో పోలియో చుక్కలు వేయించుకున్నవాడు.

"రాయి. ఏఎన్ఎం సత్యవాణి చెబుతోంది అని నా పేరు పెట్టి రాయి. ఇంకా ఏ రిపోర్టూ రాలేదు, వాళ్ళది మన దేశమే, అబద్ధాలు ప్రచారం చెయ్యకండి అని."

వర్షిణి రాసింది. కాఫీ కలుపుకొచ్చేలోపు జవాబులొచ్చాయి. 'ఎంత ముట్టిందండీ?' అని ఒకడు. 'ఇది ఫేక్ ప్రొఫైల్, నమ్మకండి' అని ఇంకొకడు. మూడోవాడు సత్యవాణి తరఫునే మాట్లాడుతున్నాననుకుని, 'సిస్టర్ గారు కూడా భయపడి నిజం చెప్పలేకపోతున్నారు పాపం' అన్నాడు. ఆ పాపం అన్న మాటకి సత్యవాణి కాఫీ గ్లాసు టక్కున బల్ల మీద పెట్టింది. "కట్టెయ్ ఆ దిక్కుమాలిన పెట్టెని."

*

గురువారం పొద్దున్నే వర్తక సంఘం వాళ్ళు అయిదుగురు వచ్చారు. కార్యదర్శి చంద్రరావు బట్టల కొట్టు ఆయన. చాలా మర్యాదస్తుడు. చేతులు జోడించే మాట్లాడతాడు.

"మేం వాళ్ళని పొమ్మనట్లేదండి డాక్టరు గారూ. మనూరి క్షేమం కోసం, ఈ గొడవ సద్దుమణిగేదాకా వేరే ఎక్కడైనా ఉంటే బావుంటుందంటున్నాం. అంతేనండి."

"వేరే ఎక్కడైనా అంటే ఎక్కడండీ? రామచంద్రపురంలోనా? వాళ్ళు రానిస్తారా?" అంది సత్యవాణి.

"అది వాళ్ళిష్టమండి. మనం బలవంతం చెయ్యకూడదు కదండీ."

"రిపోర్టు రాకుండా..."

"వచ్చాక చూద్దామండి. ముందు వెళ్ళిపోతే, వచ్చాక మళ్ళీ రావచ్చు కదండి."

ప్రతి మాట చివరా ఆ అండి. గోడకి బుర్ర కొట్టుకోవాలనిపించింది సత్యవాణికి. డాక్టరు గారు కళ్ళజోడు తుడుచుకుంటూ, పైవాళ్ళకి రాశానండి, చూద్దామండి అన్నారు. ఆదివారంలోగా ఖాళీ చేయించాలని వాళ్ళలో వాళ్ళే అనుకుంటూ సంఘం వాళ్ళు మెట్లు దిగారు.

వాళ్ళటు వెళ్ళగానే మరిడమ్మ వచ్చింది. ఊరి చివర కాలవగట్టు మీది పల్లెకారుల వీధిలో ఆవిడ ఇంట్లోనే ఒక గది యాంగ్‌చెన్ వాళ్ళకి అద్దెకిచ్చింది. తెల్లారగట్ల ఉప్పాడ వెళ్ళి చేపలు తెచ్చి వీధుల్లో అమ్ముకుంటుంది. చేపల బుట్ట మెట్ల మీద దింపింది. నిండుగా ఉంది.

"చూడు సిస్టరమ్మా. ఒక్కళ్ళు ముట్టుకుంటే ఒట్టు. నీ చేప కూడా చైనాయేనా అంటన్నారు. ఆ పిల్లలు మంచోళ్ళేనమ్మా, కాదన్ను. తొమ్మిదేళ్ళ బట్టీ ఒక్క మాట రాలేదు. కానీ నా పొట్ట మీద కొట్టుకుని ఎన్నాళ్ళుంచుకోను?"

"నువ్వు కూడానా మరిడమ్మా?"

"నేను కూడానే. నువ్వు చెప్పు, నువ్వైతే ఏం చేద్దువు?"

సత్యవాణి రెండు చందువా చేపలు కొంది. బుట్ట అంతే నిండుగా తిరిగి వెళ్ళింది.

అప్పుడు పట్టుదల వచ్చింది సత్యవాణికి. ఎక్కడ పుట్టిందీ మెసేజీ? మొట్టమొదట ఎవరు పంపారో వాళ్ళ మొహం ఒక్కసారి చూడాలి. నలుగురిలో నించోబెట్టి కడిగెయ్యాలి. చిన్నమ్మాయి దగ్గరికెళ్ళి అడిగింది. మా అన్నయ్య పంపాడండి అంది. ఆ అన్నయ్య పల్లంరాజు, ఆటో స్టాండులో దొరికాడు. అతనికి పంపింది అతని ఆటోలో కాన్వెంటుకి వెళ్ళే పిల్లల తల్లి. ఆవిడ గేటు దగ్గరే నించుని ఫోను వెతికి చూపించింది. ఆవిడ ఫోనులో చైనా అన్న మాట లేదు. చావుబతుకులు లేవు. ఆసుపత్రి వాళ్ళు దాస్తున్నారు అన్నదీ లేదు. 'స్వెటర్ల కొట్టు అమ్మాయికి జ్వరం, స్వైన్ ఫ్లూ అనుమానం. పిల్లల్ని పంపకండి' అని మాత్రమే ఉంది. కాన్వెంటు టీచరు ఒకావిడ పంపిందట.

దొంగ దగ్గరపడుతున్నాడన్న ఊపుతో శుక్రవారం భోజనాల వేళకి కాన్వెంటుకి వెళ్ళింది. స్వయానా చెల్లెలు ఉమాశ్రీ అక్కడే టీచరు. అదే కనుక్కుని చెబుతుందిలే అనుకుంది. స్టాఫ్ రూమ్ అరుగు మీద ఉమాశ్రీ క్యారేజీ విప్పుకుని కూర్చుంది.

"మీ టీచర్లలో ఎవరే, ఈ పాడు మెసేజీ మొదట పంపింది?"

ఉమాశ్రీ కలిపిన ముద్ద కలిపినట్టే ఆపి, వింతగా చూసింది. "అదేంటక్కా? నువ్వే కదా పంపావు."

"నేనా?"

ఉమాశ్రీ ఎడం చేత్తో ఫోను తీసి, వెనక్కి వెనక్కి జరిపి చూపించింది. సోమవారం, పదకొండూ నలభై. 'ఉమా, పిల్లల్ని స్వెటర్ల కొట్టుకి తీసుకెళ్ళకు. అక్కడి అమ్మాయికి జ్వరం, దగ్గు. స్వైన్ ఫ్లూ అనుమానం. కాకినాడ పంపుతున్నాం. ఎవరికీ చెప్పకు.'

"నేను మా స్టాఫ్‌లో ముగ్గురికే పంపానక్కా. వాళ్ళకీ పిల్లలున్నారు కదా. చైనా గీనా నేను రాయలేదు, ఒట్టు. చివరి ముక్క మాత్రం తీసేశాను."

"ఏ ముక్క?"

"ఎవరికీ చెప్పకు అన్నది. అది ఉంచి పంపితే బావుండదు కదా."

సత్యవాణి అరుగు మీద కూర్చుంది. సోమవారం గుర్తొచ్చింది. బయట ఆటో ఆగి ఉంది. పేమా వణుకుతూ ఆటో ఎక్కుతోంది. తను ముఖానికి గుడ్డ కట్టుకుని, ఆరడుగుల దూరంలో నించుని, గ్లౌజు ఒక చేతికి విప్పి, బొటనవేలితో టకటకా నొక్కింది. అర నిమిషం కూడా పట్టలేదు. ఏటా ఉమాశ్రీ పిల్లలకి అక్కడే స్వెటర్లు కొంటుంది కదా అని. అంతే. తర్వాత ఆ సంగతి బుర్రలోంచి ఎగిరిపోయింది. మన దగ్గర్నుంచి పొక్కే ప్రశ్నే లేదని డాక్టరు గారి ముందు చెప్పినప్పుడు అబద్ధమాడుతున్నానని కూడా తెలీదు. పైగా సువార్తమ్మని అనుమానించింది.

బయటికొచ్చి తన ఫోను తెరిచి చూసింది. అందులోనూ ఉంది. తీసెయ్యనా అని ఫోను అడిగింది. ఇందులోంచి తీసేస్తే ఊళ్ళో అన్ని ఫోన్లలోంచీ పోతుందా? వద్దని నొక్కి, కాలవగట్టు దారి పట్టింది.

*

గదిలో మూటలు కట్టి ఉన్నాయి. పేమా చాప మీద గోడవైపు తిరిగి పడుకుంది. సత్యవాణి ఈసారి ముఖానికి గుడ్డ కట్టుకుంది గానీ దూరంగా నించోలేదు. పక్కన కూర్చుని థర్మామీటరు పెట్టింది. నూట మూడు. చెయ్యి పట్టుకుని నాడి లెక్కపెట్టింది. అంత జ్వరానికి నాడి పరిగెత్తాలి, ఇది నింపాదిగా కొట్టుకుంటోంది. నాలిక చూపించమంది. మధ్యలో తెల్లగా పాచి, అంచులు ఎర్రగా. పొట్ట మీద మెత్తగా నొక్కితే పిల్ల మూలిగింది.

"జ్వరం ఎన్నాళ్ళ నుంచి?"

"తొమ్మిది రోజులండి. మీ దగ్గరికొచ్చేసరికే అయిదు రోజులు" అంది యాంగ్‌చెన్.

సోమవారం ఆ ఒక్క మాటా ఎవరూ అడగలేదు. ఇలాంటి నాలికలు తను ఎన్ని చూడలేదు! ఆ రోజు దగ్గరికెళ్ళి నోరు తెరవమని ఉంటే అప్పుడే తెలిసేది. టైఫాయిడ్ కావచ్చు. రక్తం తీసి, సీసా మీద పేరు రాసి సంచీలో పెట్టుకుంది. గోడ అవతల్నుంచి చంటిదాని మూలుగు వినిపించింది.

"అదెవరు?"

గుమ్మంలో నించున్న మరిడమ్మ తల తిప్పుకుంది. "మనవరాలు. ఒళ్ళు వెచ్చబడింది, అంతే."

"ఎన్నాళ్ళయింది?"

"వారం." మరిడమ్మ గొంతు తగ్గించింది. "చెబితే మా గుమ్మానికి కూడా ఆ పేరు అంటించేత్తారని చెప్పలేదమ్మా. ఈ వీధిలో ఎవరూ చెప్పట్లేదు."

ఆ సాయంత్రం వీధిలో పద్నాలుగిళ్ళు తిరిగితే ఏడుగురు జ్వరంతో పడుకుని ఉన్నారు, తలుపులు దగ్గరగా వేసుకుని. వీధి చివర కుళాయి గొట్టం పగిలిపోయి మురిక్కాలవలో నానుతోంది. నీళ్ళు పట్టి చూస్తే అడుగున నలక. పేమా కూడా ఈ నీళ్ళే తాగింది. ఊరే ఆ పిల్లకి జ్వరం పెట్టింది.

తిరిగి గదికొచ్చి యాంగ్‌చెన్ ఎదురుగా కూర్చుంది. ఎలా మొదలెట్టాలో తెలియక, ఫోను తీసి ఆ మెసేజీ చదివి వినిపించింది. ఒక్కో మాటా ఆగి ఆగి చదివింది. ఆఖరి రెండు మాటలూ వదిలెయ్యలేదు.

యాంగ్‌చెన్ మూటకి వేసిన ముడి విప్పి మళ్ళీ బిగించింది.

"ఎవరికీ చెప్పొద్దని రాశారు. బాగుంది. మరి నాకు చెప్పొచ్చు కదండీ" అంది. "ఆ రోజు మీరు దూరంగా నించుని ఫోను నొక్కుతుంటే, కాకినాడలో మా కోసం ఎవరికో చెబుతున్నారనుకున్నాను. మంచావిడ అని పేమాతో అన్నాను."

సత్యవాణి క్షమించమంది. యాంగ్‌చెన్ "ఇప్పుడిది కూడా అందరికీ పంపుతారా?" అని మాత్రం అడిగింది.

*

శనివారం రెండు రిపోర్టులూ వచ్చాయి. హైదరాబాదు నుంచి స్వైన్ ఫ్లూ లేదని. కాకినాడకి పంపిన రక్తంలో టైఫాయిడ్ ఉందని. సత్యవాణి డాక్టరు గారి బల్ల ముందు నించుని, మెసేజీ తనదేనని చెప్పేసింది. సువార్తమ్మ వినేలాగే చెప్పింది. సువార్తమ్మ మందులు సర్దుతున్న చోటికే వెళ్ళిపోయింది. డాక్టరు గారు చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. "మెమో ఇవ్వాల్సి వస్తుందండి" అన్నారు చివరికి.

"ఇవ్వండి సార్. కుళాయి సంగతి కూడా అదే కాగితంలో రాయండి, ఎవరైనా చదువుతారు."

మధ్యాహ్నం మెసేజీ తయారుచేసింది. 'నేను ఏఎన్ఎం సత్యవాణిని. స్వెటర్ల అమ్మాయికి స్వైన్ ఫ్లూ లేదు. ఆ అనుమానం మొదట పంపింది నేనే, తప్పు నాది. కాలవగట్టు కుళాయి నీళ్ళ వల్ల టైఫాయిడ్ వస్తోంది. నీళ్ళు కాచి తాగండి.' ఫోనులో ఉన్న నూట నలభై నంబర్లకీ పంపింది. వర్షిణి ఆర్కుట్‌లో పెట్టింది. ఎవరూ జవాబివ్వలేదు. ఉమాశ్రీ మాత్రం ఫోను చేసి, నన్నెందుకక్కా బజారుకీడ్చడం అని ఏడ్చింది, తన పేరే అందులో లేకపోయినా.

ఆదివారం పొద్దున్న కాఫీ తాగుతుంటే ఫోను కుయ్యిమంది. తెలియని నంబరు. 'ఏఎన్ఎం సత్యవాణి గారు చెప్పిన నిజం. స్వెటర్ల వాళ్ళ వల్ల కాలవగట్టు నీళ్ళలో టైఫాయిడ్. ఆ వీధి వాళ్ళని రానివ్వకండి. పది మందికి పంపండి.'

సత్యవాణి రెండుసార్లు చదివింది. తర్వాత ఆవిడకి నవ్వొచ్చింది. నవ్వు కాదది, విసుగు. ఇప్పుడు పేమాతో పాటు మరిడమ్మ మనవరాలు కూడా చేరింది వెలివాడలో. ఫోను ఆపేసి, బియ్యం డబ్బా మీద పెట్టింది. క్లోరిన్ బిళ్ళల సంచీ భుజాన వేసుకుని, రెండు రిపోర్టుల కాగితాలు చేత పట్టుకుని, చెప్పులేసుకుంది.

"ఎక్కడికమ్మా?" అంది వర్షిణి.

"ఊళ్ళోకి. గుమ్మం గుమ్మానికీ."

మొదటి ఇల్లు చంద్రరావుది. కుళాయి సంగతి వరకూ బాగానే చెప్పగలిగింది. ఆ మెసేజీ పంపింది నేనేనండి అనేచోట మాట తడబడింది. చంద్రరావు అలవాటుగా చేతులు జోడించబోయి, మధ్యలో ఆగిపోయాడు. "అయ్యో, మీరాండీ? మరి ఇవాళ వాళ్ళని బండెక్కించమని మనుషుల్ని పంపేశానే" అన్నాడు.

"వెనక్కి పిలవండి. ఆ పిల్ల లేచి నించోలేదు. నేను ఇక్కడే ఉంటాను, ఫోను చెయ్యండి."

ఆయన నసిగాడు. సత్యవాణి కదల్లేదు. గుమ్మంలో అలాగే నించుంది. చివరికి ఆయనే ఫోను తీశాడు. ఆయన "ఇవాళ్టికి ఆగండ్రా" అనేదాకా విని, బిళ్ళల పొట్లం ఇంట్లో ఆడవాళ్ళ చేతికిచ్చి మెట్లు దిగింది.

రెండో ఇంట్లో తలుపు పూర్తిగా తియ్యలేదు. మూడో ఇంట్లో విని, తిట్టారు. ఉద్యోగం ఎందుకిచ్చారమ్మా నీకు అన్నారు. పడింది. అయిదో ఇంటికి మాట తడబడటం తగ్గింది. ఎనిమిదో ఇంట్లో కాచిన నీళ్ళేగా మేం తాగేది అని తలుపేసేశారు. ఎండ ముదిరింది. పదకొండో ఇల్లు చిన్నమ్మాయిది. కుట్టు మిషను పక్కన ఉయ్యాల్లో పిల్ల నిద్రపోతోంది. చిన్నమ్మాయి ఈమెని చూసి లేచి, పైటచెంగు ముక్కు దాకా తెచ్చి, ఏమనుకుందో మళ్ళీ వదిలేసింది.

"రెండో మెసేజీ కూడా వచ్చిందండి నాకు. ఏది నిజమో ఏంటో బుర్ర తిరిగిపోతోంది" అంటూ స్టూలు జరిపి, కొంగుతో తుడిచి వేసింది. "కూర్చోండి. అసలేం జరిగిందో మొదట్నుంచీ చెప్పండి సిస్టరు గారూ."

సత్యవాణి కూర్చుంది. కాగితాలు ఒళ్ళో పెట్టుకుంది.

"మొదలు నేనేనమ్మా" అంది.